వెనక్కి చూపిన అరచెయ్యి

మా ఆడపడుచు కొండాపూర్‌లో సైకిలు తొక్కేటప్పుడు వెనక హారన్ వినబడితే చాలు, దిగి పక్కన నిలబడేది. మేమిద్దరం సైకిళ్ల మీద తిరగడానికి వెళ్లిన ఆల్ప్స్ లోయలో, ఏటి పక్కన సాగే నిశ్శబ్దపు దారిలోనూ అదే వరస. అక్కడ హారన్ కొట్టేవాళ్లే లేరు. కార్లు మా వెనకే ఓపిగ్గా వచ్చేవి. అయినా ఇంజిను చప్పుడు వినగానే దిగిపోయేది.

“ఎందుకు దిగుతావు? రోడ్డు నీది కాదూ?” అని కసిరాను.

“వాళ్లకు అడ్డం కదా వదినా!”

“అడ్డమైతే వాళ్లే చెబుతారు. తొక్కు!”

లోయ దాటేసరికి దిగడం మానేసింది.

తిరిగొచ్చాక ఓ పొద్దున కొండాపూర్ సందులో మా వెనక ఓ కారు ఒకటే మోత. డ్రైవరు తల బయటపెట్టాడు. “ఏందమ్మా, జర పక్కకు జరగరాదా?”

మా ఆడపడుచు దిగలేదు, తిరిగి చూడలేదు. కుడిచెయ్యి వెనక్కి చాపి అరచెయ్యి చూపించింది. “మలుపు దాటాక వెళ్దువుగాని బాబూ!”

మలుపు దాకా ఆ కారు మెల్లగా మా వెనకే వచ్చింది. నేనైతే నోరు చేసుకునేదాన్ని. మా ఆడపడుచుకు అరచెయ్యి చాలింది.