గ్లోరియా టీచర్ నేర్చిన ఈత

తువ్వాళ్ళు మడత పెడుతుంటే క్లోరిన్ వాసన తగిలింది. షార్జాలో మేముండిన బిల్డింగ్ డాబా మీది ఈత కొలను కళ్ళ ముందుకొచ్చింది. ఆ సాయంత్రం మా శ్రావ్య నవ్వు ఉన్నట్టుండి ఆగిపోయింది. చిన్నవాడికి చొక్కా తొడుగుతున్నదాన్ని తల తిప్పాను. నీళ్ళ మీద దాని జడ మాత్రమే కనిపించింది. నాకు ఈత రాదు. పక్కనుంచి ఎవరో కట్టుబట్టలతోనే దూకారు.

ఆవిడే గ్లోరియా టీచర్. మా పక్క ఫ్లాట్‌లో ఉండే నల్లజాతి అమెరికన్, అరవైకి దగ్గర పడిన మనిషి. శ్రావ్యను గట్టెక్కించి, వీపు తట్టి నీళ్ళు కక్కించారు. అది ఏడ్చాక గానీ నాకు ఊపిరి రాలేదు. రాగానే, "ఇంకోసారి నీళ్ళ వైపు చూశావంటే కాళ్ళు విరగ్గొడతా," అన్నాను.

ఏమన్నావని గ్లోరియా టీచర్ అడిగితే చెప్పాను.

"మా అమ్మా ఇదే అనేది. యాభై దాటేదాకా ఆవిడ మాట విన్నాను."

గ్లోరియా టీచర్ చిన్నప్పుడు అమెరికాలో వాళ్ళ ఊరి కొలనులోకి తెల్లవాళ్ళనే రానిచ్చేవారు. అందరినీ రానివ్వాలని కోర్టు చెప్పగానే ఊరి పెద్దలు దాన్ని మట్టితో పూడ్చేశారట. ఇక మిగిలింది లోతైన ఏరు. అందులో పిల్లలు పోతారన్న భయంతో తల్లులు నీళ్ళ జోలికే పోవద్దన్నారు.

"మా ఊళ్ళోనూ అంతే. పూడ్చేద్దామని చెయ్యెత్తినవాళ్ళలో మా నాన్న ఒకడు," అన్నారు తువ్వాలు తెచ్చిన మార్గరెట్. ఆవిడ తెల్ల అమెరికన్, గ్లోరియా టీచర్ బడిలోనే పని చేసేవారు.

మొదట్లో స్టాఫ్‌రూమ్‌లో ఇద్దరూ ఎడంగా కూర్చునేవారట. అయితే షార్జాలో వాచ్‌మన్ దగ్గర్నుంచి అందరికీ ఇద్దరూ 'అమెరికా మేడమ్'లే. ఒకరి కోసం వచ్చిన కబురు ఇంకొకరికి చేరేది. అలా మాటలు కలిశాయి. తండ్రి సంగతి మార్గరెట్ తనంతట తానే చెప్పారు.

"అది విన్నాక చాలా రోజులు దీని మొహం చూడలేదు," అన్నారు గ్లోరియా టీచర్. "తర్వాత వెళ్ళి, సరే, నాకు ఈత నేర్పు అన్నాను. కాళ్ళు ఆడించు, కాళ్ళు ఆడించు అని ఒకటే అరుపు."

"నువ్వు వింటేగా."

"ఇవాళ విన్నాగా. ఖలాస్, ఇక అరవకు."

"మనసులో కోపమేమీ మిగల్లేదా?" అని అడిగాను.

గ్లోరియా టీచర్ తడి బట్టల అంచు పిండుకున్నారు. "కొన్ని రోజులు మిగలదు, కొన్ని రోజులు మిగులుతుంది. కానీ నీళ్ళంటే భయం పోయింది. అది నా మనవరాలి దాకా వెళ్ళదు."

పిల్లల విషయంలో గుండె దడదడలాడినప్పుడల్లా, ఈ భయం నాదేనా, ఎవరైనా నా చేతిలో పెట్టిందా అని ఇప్పటికీ చూసుకుంటాను.

ఆ సాయంత్రం గడిచాక, మర్నాడు ఉదయం పాలు తాగుతున్న పిల్లలిద్దరితో చెప్పాను. "సాయంత్రం మార్గరెట్ ఆంటీ దగ్గర ఈత. ముగ్గురం దిగుతున్నాం. అమ్మ నీళ్ళు మింగితే నవ్వకూడదు."