గుసగుస ధర

కార్ఖానా బస్తీలో పాత టేపురికార్డర్లు కొని అమ్మే బ్రహ్మచారి అనే వ్యాపారికి పైమెరుగులంటే ఒళ్ళుమంట. ఎవరు ఏ మిషను తెచ్చినా అందులో ఖాళీ క్యాసెట్ పెట్టి, రికార్డింగు మీట నొక్కి, "ధర మీరే చెప్పుండ్రి" అంటాడు. ఆ మాటనే తిరిగి విని బేరం తేలుస్తాడు.

ఓసారి ఏసురత్నం మాస్టారు భార్య మార్తతో కలిసి తమ టేపురికార్డరు తెచ్చి, "రెండు వేలండీ" అన్నారు.

క్యాసెట్ వెనక్కి తిప్పి పెడితే మాస్టారి గొంతు ఖంగుమంది. వెంటనే మార్త గుసగుస కూడా వినిపించింది: "వెయ్యికైనా ఇచ్చేయండి, ఇంట్లో చోటు లేదు."

మాస్టారు భార్యను కొరకొరా చూశారు. బ్రహ్మచారి మాత్రం పగలబడి నవ్వాడు.

"గింత చిన్న గుసగుస సుత పట్టిందంటే మిషన్ ఫస్ట్‌క్లాస్! రెండు వేలు తీస్కోండ్రి సార్. ఓ వెయ్యి మీ మాటకు, ఇంకో వెయ్యి అమ్మ గుసగుసకు!"