బిడ్డ కడుపుకు కావలి ఉన్న పెద్దమ్మ

ఎదురింటి పెద్దమ్మ పోయిందని ఫోనొచ్చినప్పుడు నేను జగిత్యాల బస్టాండులో ఉన్నాను. విని నవ్వాను. కోరుట్లలో మా వాడకట్టు మొత్తాన్ని ఆటపట్టించి బతికినవాణ్ణి. ఎవడో నన్నే ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. ఇల్లు చేరేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు.

మా బిడ్డకు ఇప్పుడు ఆరేళ్ళు. చూసినవాళ్ళు నాలుగంటారు. చిన్నప్పటి నుంచీ పుల్లల్లాంటి కాళ్ళు, ఉబ్బిన పొట్ట, నెలలో సగం రోజులు విరేచనాలు. మా దిక్కు పిల్లలకు కడుపు చెడితే బ్రెడ్డు చాయిలో ముంచి పెడతారు. చూడవచ్చినవాళ్ళూ బ్రెడ్డు ప్యాకెట్టే పట్టుకొస్తారు. రెండేళ్ళు నేనూ అదే చేశాను. ఎంత ఎక్కువ పోతే అంత బ్రెడ్డు.

ఒకరోజు పెద్దమ్మ మా గడపలో కూర్చుని అన్నది: "బ్రెడ్డు పెట్టిన్నాడే ఎక్కువైతుందిరా. నేను చూస్తనే ఉన్న."

"నువ్వెప్పుడు డాక్టరువైతివి పెద్దమ్మా?"

"నీ నోటికి డాక్టర్లు లేరు గని, పిల్లకున్నరు. నడువ్, నేను గూడ అస్త."

జగిత్యాల పిల్లల డాక్టరు రక్తం పరీక్ష చేయించాడు. తర్వాత హైదరాబాదులో గొట్టం వేసి పేగులోంచి చిన్న ముక్క తీసి చూశారు. గోధుమలో ఉండే గ్లూటెన్ పడదన్నారు. అది లోపలికి పోతే ఒళ్ళే తన పేగును దెబ్బతీసుకుంటుందట. జన్మంతా గోధుమ ముట్టకపోవడమే మందట. నా బుర్రకు ఎక్కలేదు. సిరిసిల్ల నేతింట పుట్టిన పెద్దమ్మే విడమరిచింది.

"టర్కీ తువ్వాలకు నూగుంటది గదా, పేగు లోపట గసొంటిదే. నూగు అరిగిన తువ్వాల తడి పీలుస్తదా? పిల్ల తిన్నది గందుకే ఒంటికి పడ్తలేదు."

నా ఇల్లాలికి బీడీలు చుట్టడంతోనే పొద్దు గడిచేది. బిడ్డ తిండి పెద్దమ్మ చేతిలోకి పోయింది. పిండి పట్టే గిర్నీలో గోధుమ అంటుకొని ఉంటుందని ఇంట్లోనే ఇసుర్రాయి తిప్పేది. ఆ బియ్యప్పిండిని గిన్నెకు ఒత్తి సర్వప్ప కాల్చేది. ఏడాదిలో బిడ్డ పాత గౌన్లు పొట్టివయ్యాయి. పెద్దమ్మ వాటిని వాడకట్టంతా తిప్పి చూపించింది.

ఒకసారి ఆమెను ఉడికిద్దామని ఆమె ముందే బిడ్డకు బిస్కెట్టు ఇచ్చాను.

"ఒక్కదానికి ఏమైతదో చూద్దాం పెద్దమ్మా."

ఆమె లేచేలోపు బిడ్డ మింగేసింది. మూడు రోజులు పొట్ట పట్టుకొని ముడుచుకుంది. పెద్దమ్మ తిట్టలేదు. "నా మీద ఎన్నన్న ఆడు. పిల్ల కడుపు మీద ఆడకు" అని, ఆ మూడు రోజులూ మా ఇంట్లోనే ఉండిపోయింది.

ఆమె పోయి నెల కాలేదు. నేను విసిరిన పిండి బరకగా ఉంటుంది, నేను కాల్చిన సర్వప్ప మాడుతుంది. బిడ్డ ఒక ముక్క కొరికి పక్కన పెడుతుంది. పొట్ట మళ్ళీ ఉబ్బింది. ఎక్కడో గోధుమ తింటున్నదన్నాడు డాక్టరు.

"ఏం తిన్నవు బిడ్డా?"

"ఏం తినలే నాయినా."

ముఖంలో గీత కదలదు. అబద్ధం అలా ఆడడం నన్ను చూసే నేర్చుకుంది. బిడ్డకు గోధుమ పెట్టొద్దని ఎన్ని ఇళ్ళకు చెప్పిరాను? ఒక్కదానికి ఏమైతదనేవాడు ఇంటికొకడున్నాడు.

నిన్న బడి నుంచి వచ్చి, లోపలికి రాకుండా నల్లా దగ్గర వంగింది. వేలితో పళ్ళు తోముకుంది, పుక్కిలించింది, గౌను అంచుతో మూతి తుడుచుకుంది. నేను కిటికీ వెనక నిలబడ్డాను. పుక్కిలించిన నీళ్ళలో తెల్లటి బ్రెడ్డు ముద్దొకటి మోరీ వైపు మెల్లగా పోతున్నది.