అక్క ఒంటి మీద చెమట ఆగిన మధ్యాహ్నం

నిజామాబాద్‌లోని మా ఇంట్లో కరెంటు పోయి కూలరు ఆగినప్పుడల్లా పిల్లలు చెమటకు విసుక్కుంటారు గానీ, నాకు మాత్రం మెడ మీద చెమట పట్టిందంటే లోపల ధైర్యంగా ఉంటుంది. ఎందుకో వాళ్లకు చెబితే నవ్వుతారేమోనని, నా ఈడు వాళ్లైన మీతోనే చెప్పుకుంటున్నాను.

నేను నర్సు చదువు ముగించుకుని, బోధన్ దగ్గరి మా ఊరికి వచ్చిన ఎండాకాలం అది. చెరకు కోతలు చివరికొచ్చాయి. సరిహద్దు అవతలి నుంచి వచ్చిన మరాఠీ ఆడవాళ్లతో కలిసి అక్క, అవ్వ చెరకు నరుకుతున్నారు. మా అమ్మను మేం అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్లం. మధ్యాహ్నం నేను సద్ది పట్టుకుని వెళ్లేసరికి, అక్క కత్తి పక్కన పడేసి గట్టు మీద కూర్చుని, ఏడాది కిందట చనిపోయిన మా బాపుతో మాట్లాడుతోంది.

చేయి పట్టుకుంటే పెనంలా కాలుతోంది, ఒంటి మీద చెమట చుక్క లేదు. చెమట ఆరుతూ ఒంట్లోని వేడిని వెంట తీసుకుపోతుందని, అది ఆగిపోతే వేడి మెదడుకెక్కి మనిషి దక్కడం కష్టమని పరీక్షలో రాసినదాన్నే, కానీ దాన్ని నా అక్క ఒంటి మీద చూస్తాననుకోలేదు.

అందరం కలిసి ఆమెను కావలి గుడిసె నీడలోకి మోశాం. అవ్వ జ్వరమనుకుని, చెమట పడితే దిగుతుందని లోపలున్న గొంగడి కప్పబోయింది. నేను దాన్ని లాగేసి, పక్క కాలువలోంచి నీళ్లు తెమ్మంటే అవ్వ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. బాపు జ్వరంతో ఉండి వానలో తడిసిన రాత్రే పోయాడు.

"సల్లనీళ్లు పోస్తే పాణం పోతది బిడ్డా. మీ బాపు గట్లనే పోయిండు."

"కప్పితేనే పోతది అవ్వా. నా మాట విను."

మరాఠీ ఆడవాళ్లకు మా మాటలు అర్థమయ్యాయో లేదో గానీ, నేను కాలువ వైపు చెయ్యి చూపగానే బిందెలు పట్టుకుని పరుగెత్తారు, తల నుంచి పాదాల దాకా తడిపారు, తడి కొంగులతో విసిరారు. మధ్యలో అక్కకు ఫిట్స్ వచ్చి ఒళ్లంతా కొట్టుకుంది. "నువ్వే సంపుతున్నవ్," అంది అవ్వ, మెల్లగా. ఆ మాట వింటూనే రెండో చేత్తో అక్కను పక్కకు తిప్పి పట్టుకుని, నీళ్లు పొయ్యమని తలతో సైగ చేస్తూనే ఉన్నాను. నా చదువు తప్పయితే అవ్వ ముఖం ఇక చూడలేనని తెలుసు.

చాలాసేపటికి ఆ కాక తగ్గింది. అక్క కళ్లు తెరిచి, "అవ్వా, సలి పెడుతున్నది," అంది. అవ్వ నా మణికట్టు వదిలి ఇద్దరినీ ఒక్కసారే దగ్గరికి లాక్కుంది. చెరకు ట్రాక్టరు మీద బోధన్ ఆసుపత్రికి తీసుకెళ్లాం. సెలైన్ ఎక్కించారు, అక్క బతికింది. ఆ తర్వాత ఎండకు ఓర్వలేక కుట్టుమిషన్ నేర్చుకుంది.

మూడోనాడు కృతజ్ఞత చెప్పుకుందామని వెళితే చేను ఖాళీగా ఉంది, కోత ముగిసి ఆ ఆడవాళ్లు వెళ్లిపోయారు. ఇప్పుడు ఆ నేలంతా వరి, మిషన్లు వచ్చి కోసిపోతాయి, ఎండ ముదరకముందే ఫోన్లలో హెచ్చరికలు వస్తాయి, మంచిదే. కానీ ఆ దారిన బస్సులో పోతూ మనిషి అలికిడి లేని పొలాలు చూసినప్పుడల్లా, ఇక్కడ ఎవరైనా కూలబడితే బిందెలు పట్టుకుని పరుగెత్తేది ఎవరా అనిపిస్తుంది.