నీళ్ల బాట మీద గది

అక్క ఇంట్లోకి నీళ్లొచ్చిన ఏడు పోయినవి లెక్కపెడితే ఇవి: ఆరు కోళ్లు, ఒక పరుపు, వానాకాలానికని ఎండబెట్టి పేర్చిన కట్టెలన్నీ, చిన్న టీవీ, అక్క వాళ్ల అత్తమ్మ చెప్పుల్లో ఒకటి. రెండో చెప్పు దొరికింది. ఒంటి చెప్పుతో పనేముంది కనుక రెండూ పోయినట్టే రాసుకోవాలా అన్న అనుమానం నాకు ఇంకా తీరలేదు. ఈ పొద్దున ఖమ్మంలో మబ్బు పట్టగానే మళ్లీ ఆ లెక్కలోకి వెళ్లిపోయాను. అక్క ఇల్లు సారపాక అవతల, గుట్ట కింద. ఇక్కడ చినుకు పడితే నేను అక్కడికి ఫోన్ చేస్తాను. "ఇక్కడ ఇంకా పడలే తమ్మీ, నువ్వు చాయ్ తాగు" అంది అక్క. చాయ్ అప్పటికే చల్లారిపోయింది.

ఆ ఇంటి ప్లాను గీసింది నేనే. ఇంజనీరును కాను, సిమెంటు కొట్టులో లెక్కలు రాస్తూ, మేస్త్రీలు తెచ్చే ప్లాన్లు చూసి చూసి నేర్చుకున్నవాణ్ని. బావ అక్కడి కాగితం మిల్లులో కాంట్రాక్టు పని చేసి కూడబెట్టిన డబ్బుతో ఆ జాగా కొన్నాడు. అంత చవకగా ఎందుకు వచ్చిందో నేను చూడబోయిన రోజు కురిసిన వాన చెప్పింది. గుట్ట మీది నీళ్లు తూర్పు నుంచి దిగి, జాగా దక్షిణపు అంచున పారుతూ, పడమట ఉన్న వాగులో కలుస్తున్నాయి. అంటే నైరుతి మూల పల్లం. నైరుతి పల్లమంటే మా వైపు ఇల్లు కట్టేవాడికి ముద్ద దిగదు. ఆ మూలను మొరంతో ఎత్తు చేయించడానికి బావ అప్పటికే ట్రాక్టరు మాట్లాడి వచ్చాడు.

"మట్టి పోస్తే నీళ్లు ఎటు పోవాలె బావా?"

"నీళ్లకేంది బామ్మర్దీ, ఎటన్న పోతయి."

ఎటన్నా అనే మాట నాకు పడదు. గొడుగు అక్కకిచ్చి, టేపు పట్టుకుని వానలోకి దిగి ఆ పారే నీళ్ల వెడల్పు కొలిచాను. పన్నెండు అడుగులు. మట్టి పోయకుండా, ఇల్లంతా మెట్లెక్కి వెళ్లేంత ఎత్తున పెట్టి, ఆ మూల గదిని కింద మనిషి నిలబడేంత ఖాళీ ఉండేలా పిల్లర్ల మీద లేపాను. గది గచ్చును హాలు కన్నా నాలుగు అంగుళాలు ఎత్తు పెట్టించాను. వాస్తుకు నైరుతి ఎత్తయింది, నీళ్లకు కింద బాట మిగిలింది. వాస్తు చూసే పెద్దమనిషి ఆ గది గుమ్మంలో గోళీ వదిలాడు. అది ఈశాన్యానికి దొర్లేసరికి తల ఊపి భోజనానికి కూర్చున్నాడు. ఆ రోజు తిన్నంత నిశ్చింతగా నేను ఆ ఇంట్లో మళ్లీ తినలేదు.

ఎందుకంటే బావ వాళ్లమ్మ, నాకు అత్తమ్మ, మెట్లెక్కలేకపోయింది. "అన్నీ కొలిచినవ్ గానీ మా అత్త మోకాళ్లు కొలవకపోతివి తమ్మీ" అని అక్క నవ్వింది. బావ నవ్వలేదు. ఎండాకాలంలో, నాకు చెప్పకుండా, పిల్లర్ల మధ్య ఇటుక గోడలు లేపి, తల్లికి కింద ఒక గది, పక్కనే బాత్రూం కట్టించాడు. తల్లి కోసం చేసినవాణ్ని ఏమని అంటాం? మొదటి పెద్ద వానకు గుట్ట నీళ్లు ఆ గోడకు ఆనుకుని పెరిగి, గోడను తోసుకుని లోపలికి వచ్చాయి. మోకాలి లోతు నీళ్లలో మంచం మీద కూర్చున్న అత్తమ్మను ప్లాస్టిక్ కుర్చీలో ఎత్తి బావ, పక్కింటాయన పైకి మోశారు. "నిదానంగ పట్టుర్రి, నేను వాగుల పడితె మీకు ఈత గూడ రాదు" అని వాళ్లిద్దరికీ ఆమే జాగ్రత్తలు చెప్పిందట.

తర్వాత బావ నీళ్లు పోవడానికి ఆ పన్నెండులో ఎనిమిది అడుగుల మేర గోడ తీయించాడు. మిగిలిన నాలుగు అడుగుల్లో బాత్రూం, మంచం ఉన్నాయి. అత్తమ్మ పైన కొన్నాళ్లుండి మళ్లీ కిందికే దిగింది. "మీదుంటే ఎవరొచ్చిండ్రో ఎవరు పోయిండ్రో కనవడదు అల్లుడా. నడిచొచ్చే బాట కట్టు, నేనే వస్త" అంది. ఉత్తరం వైపు నేల ఎత్తు కనుక అటు నుంచి వాలుబాట వేయొచ్చు. గీసి ఇచ్చాను కూడా, ఇంకా కట్టలేదు. ఒకసారి అక్క కూతురి కాలేజీ ఫీజు, ఒకసారి బావకు పని లేకపోవడం, ప్రతిసారీ "ఈ వానలు పోనీ" అనే మాట.

సాయంత్రం మళ్లీ ఫోన్ చేస్తే అత్తమ్మే ఎత్తింది. వెనక నీళ్ల చప్పుడు వినిపించింది. "పోతున్నయి లే అల్లుడా, మంచం కోడు గూడ తడవలే. నువ్వు అన్నం తిను."

కంచం ముందు కూర్చున్నాను. ఒక్కో వానాకాలం ఏమీ అడగకుండా దాటిపోతుంటే, నీళ్లు మాఫీ చేశాయని ఆ ఇంట్లో అందరూ అనుకుంటున్నారు. నీళ్లకు ఇవ్వాల్సింది పన్నెండు, ఇచ్చింది ఎనిమిది. ఏళ్లు ఎన్ని గడిచినా నా లెక్కలో ఇవాళ్టికీ బాకీ నాలుగు అడుగులు.