పార్వతత్త మాత్రలు

మొన్న గోవింద్‌పూర్‌లో మా ఇంటి మలుపు దగ్గర టీకొట్టు అతను తడిబొగ్గుతో పొయ్యి రాజేస్తుంటే, గొంతులో గరగరలాడే ఆ పొగ వాసనకి కాళ్లు అక్కడే ఆగిపోయాయి. నా చిన్నప్పుడు ఇదే ఊళ్లో, ఉక్కు కర్మాగారం పక్కనున్న భుయ్యాడీహ్‌లో సాయంత్రమయ్యేసరికి ప్రతి గుమ్మం ముందూ అదే పొగ. ఆ పొగలోనే మా అమ్మ పెట్టే చింతపండు పులుసు, పక్కింటి బీహారీ ఆవిడ ఆవనూనె పోపు, గోళీలాడి మేం మోకాళ్లకి పూసుకొచ్చిన ఎర్రదుమ్ము, షిఫ్టు దిగి సైకిళ్ల మీద వచ్చే నాన్నల చెమట, అన్నీ కలిసిపోయేవి. ఆ సందడికి ఎడంగా, అరుగు చివర గోడకానుకుని, మా మేనత్త పార్వతి కూచునేది.

నాకు ఐదేళ్లప్పుడు ఆవిడ ఇచ్ఛాపురంలోని అత్తవారింటి నుంచి మా ఇంటికొచ్చింది. ఏడాది నిండిన ఆవిడ కొడుకుని పిల్లల్లేని భర్త అన్నగారికి పెంపకం ఇచ్చేశారు. తలూపిన పెద్దల్లో మా నాన్న కూడా ఒకడు. ఆవిణ్ణి మాత్రం ఎవరూ అడగలేదు. అత్త తిండి మానేసి, మడతపెట్టిన పాతచీరని ఒళ్లో వేసుకుని ఊపుతుంటే, బాగయ్యాక తీసుకెళతామని అత్తవారు పంపేశారు. మావయ్యతో సహా ఎవరూ మళ్లీ రాలేదు. ఇదంతా నాకు పెద్దయ్యాక తెలిసింది. అప్పుడు తెలిసిందల్లా అత్తకి నరాల బలహీనత అని. వీధిలో అందరికీ అలాగే చెప్పేవాళ్లం.

పక్కనే ఉన్న సాక్చీలో ఒక డాక్టరు మాత్రలు రాశాడు. అబద్ధం చెప్పకూడదు, ఆ మాత్రలే ఆవిణ్ణి బతికించాయి. నిద్రపోయింది, అన్నం తింది, నా జడ అల్లింది. తర్వాతెప్పుడో ఆయన దగ్గరికి నేనూ తోడు వెళ్లాను. మందు సరే, అసలు ఈమెకి ఏం జరిగింది, లోపల ఏదో ఉంది, అది మాట్లాడించాలి కదా అని ఆయన హిందీలో అడిగాడు. నాన్న నేలకేసి చూసి, ఏమీ జరగలేదన్నాడు. డాక్టరు అవే మాత్రలు మళ్లీ రాశాడు.

అలా ఏళ్లు గడిచాయి. చలికాలం ఖర్జూర బెల్లం కుండలు వచ్చేవి, ఛఠ్ పండక్కి పక్కింటి నుంచి నేతిలో వేయించిన గోధుమపిండి ఠేకువాలు వచ్చేవి, విశ్వకర్మ పూజనాడు నాన్న మమ్మల్ని కర్మాగారం లోపలికి తీసుకెళ్లి తను నడిపే క్రేను చూపించేవాడు. ఆ మాత్రలు వాడివాడి అత్త చేతులు మెల్లగా వణకడం మొదలెట్టాయి. ఎప్పుడైనా “మా బాబు...” అని నోరు తెరిస్తే చాలు, అమ్మ నాకేసి చూసేది. రోజువి కాక ఇంకో మాత్రని బ్లేడుతో సగానికి కోసి నీళ్లతో తెచ్చివ్వడం నా పని.

నాకు పదేళ్లప్పుడు, ఒక చలికాలం మధ్యాహ్నం, అమ్మ నీళ్లకి వెళ్లినప్పుడు అత్త నా చెయ్యి పట్టుకుంది.

“గుంటా, ఆ మాత్ర తరవాతేసుకుంటాను గాని, ఒక్కపాలి నా మాట ఇను.”

బయట నేస్తాలు పిలుస్తున్నారు. పైగా నాకు భయమేసింది. మాత్ర ఆవిడ అరచేతిలో పెట్టాను. అత్త మింగేసింది. మళ్లీ నన్నెప్పుడూ అడగలేదు.

నేను కాలేజీలో ఉండగా, అత్త కన్న ఆ బిడ్డే, పదిహేనేళ్ల ఈశ్వర్రావు, పెంచిన తండ్రితో రెండు రోజులుండడానికి వచ్చాడు. అత్తని ‘పిన్నీ’ అన్నాడు. ఆవిడ వణికే చేతులతో అన్నం వడ్డించి, చేప ముల్లు చూసుకుని తినమంది. ఏడవలేదు. వాళ్లు రైలెక్కాక అమ్మే ఉండబట్టలేక అత్త ఎదురుగా కూచుంది.

“ఆడు నీ కొడుకే పారోతీ. నిన్నడక్కుండా ఇచ్చీసినాం. తప్పు మాదే.”

అత్త అంది: “ఆడికప్పటికింకా పాలు మానిపించలేదొదినా.”

ఆ రోజంతా ఏడ్చింది. నేను లేవబోతే, మాత్ర వద్దన్నట్టు అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. తర్వాత నెలల తరబడి బియ్యం ఏరుతూ అత్త ఆ బిడ్డ గురించి చెబుతుండేది, అమ్మ వింటుండేది. నాన్న ఈసారి డాక్టరుకి నిజం చెప్పాడు. ఆయన మందు కొద్దికొద్దిగా తగ్గించాడు. రోజుకి అర మాత్ర చివరిదాకా ఉంది, అది ఆవిడకి అవసరమే. వణుకు మాత్రం పోలేదు. ఆ తర్వాత నాలుగేళ్లే బతికింది.

ఇప్పుడు ఆ ఇళ్ల వరస లేదు, అమ్మానాన్నా లేరు, మా మనవలు నా తెలుగుకి హిందీలో బదులిస్తారు. ఈశ్వర్రావు అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు. “పాపం పిన్ని, నరాల జబ్బుతో పోయింది” అంటుంటాడు. ఇన్నేళ్లూ ఊఁ కొట్టాను. పోయిన నెల మాత్రం కాదన్నాను. నువ్వు ఆవిడ కన్న కొడుకువని, జరిగిందంతా చెప్పాను. అవతల ఊపిరి మాత్రం వినిపిస్తోంది. నేను ఫోన్ పెట్టెయ్యలేదు.