ముద్ద దిగుతోంది కదా అని మోసపోయాం

ఆ రోజు పొద్దున కపిల బావి దగ్గర మోకు తెగింది. ఎద్దులు ముందుకు తూలిపోయాయి, నీళ్ళు నిండిన తోలు బాన బావిలో పడింది, పైనున్న గిలక ఊడొచ్చి నా ముఖానికి తగిలింది. గడ్డానికి ఎడమ పక్కన. నేనప్పుడు పారతో కాలువకు మడవ తిప్పుతున్నాను. కింద పడలేదు. కేక కూడా వేయలేదు. "ఎద్దులకేం కాలేదు కదా?" అని మా ఆయన్ని అడిగానట. ఏం అడిగానో తనకు ఒక్క ముక్క అర్థం కాలేదని, అప్పుడే తన పై ప్రాణాలు పైనే పోయాయని ఆయన తర్వాత చెప్పాడు.

మాది పెనుకొండ దగ్గర ఒక మెట్ట పల్లె. అప్పటికి నాకు పెళ్ళయి ఏడాది. మా అత్త ఓబుళమ్మ ఇంటికి పెద్ద దిక్కు. ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ముందు ఆమె చెయ్యి పడాల్సిందే. పసుపూ సున్నం కలిపి పట్టు వేసి, పాత పంచె చింపి గడ్డం కింద నుంచి నడినెత్తి మీదికి కట్టింది. పెనుకొండ ఆసుపత్రికి పోదామని మా ఆయన బండి కట్టబోయాడు. అత్త ఆగమని, సంగటి ముద్ద తెచ్చి నా ముందు పెట్టింది.

"మింగు, చూద్దాం."

మింగాను. నొప్పితో కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ ముద్ద దిగింది.

"ముద్ద దిగుతాండాది. ఇంగేం ఆసుపత్రిరా?" అని కొడుకుని కసిరింది. బండి కట్టలేదు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. మా పక్క రాగి సంగటిని నమలరు. తుంచి, పులుసులో పొర్లించి, నాలుక మీద పెట్టుకొని మింగడమే. నేను ధర్మవరంలో పెరిగినదాన్ని. మా నాయనకు శెనక్కాయ మిల్లులో పని, మా ఇంట్లో వరన్నం. కాపురానికొచ్చిన కొత్తలో ముద్దను నమలబోయి, అది పళ్ళకంటుకొని నేను పడ్డ పాట్లు చూసి అత్త పడీ పడీ నవ్వింది. "ముద్దను నమిలేటోళ్ళు యాడన్నా ఉండారా మే? మింగల్ల!" అని ఆమే నేర్పింది. నేర్చుకున్నాను. ఆ నేర్పే నా ప్రాణం మీదికి తెచ్చింది.

వాపు తీసింది. పనుల్లో పడ్డాను. కానీ కింది పెదవి ఎడమ పక్క మొద్దుబారిపోయింది. మజ్జిగ తాగితే గడ్డం మీదుగా కారేది, రవికె తడిశాక గానీ నాకు తెలిసేది కాదు. ఇంకో వింత ఏమిటంటే, దెబ్బ ఎడమ పక్క తగిలితే నొప్పి కుడి చెవి ముందర. అత్తతో చెబితే "గాలి చేరినట్టుండాది" అని వెల్లుల్లి కాచిన నూనె చెవిలో పోసింది. ఆమెనేం అనను. ప్రేమతోనే పోసింది.

నెల కావస్తుండగా పుట్టింటికి పోయాను. అమ్మ అన్నం, గోరుచిక్కుడుకాయ తాళింపు వడ్డించి ఎదురుగా కూర్చుంది. రెండు ముద్దలు తిన్నానో లేదో, నా చెయ్యి పట్టుకుంది.

"నమలకుండా మింగుతాండావు యాల?"

"నమిల్తే పండ్లు అందవమ్మా," అన్నాను.

"పండ్లు కరిచి చూపీ."

కరిచాను. అమ్మ ముఖంలో రక్తం లేదు. గోడకున్న అద్దం తీసి నా చేతికిచ్చింది. వెనక పళ్ళు కుడి పక్కన మాత్రమే ఆనుకున్నాయి. ముందు పళ్ళు కలవలేదు, మధ్యలో నా చిటికెన వేలు దూరేంత సందు. గడ్డం ఒక పక్కకు జరిగి ఉంది. నెల రోజులుగా ఆ ముఖంతోనే తిరిగాను, బొట్టు పెట్టుకున్నాను, తల దువ్వుకున్నాను. ఒక్కసారీ పళ్ళు కరిచి చూసుకోలేదు.

ధర్మవరం డాక్టరు నా చెవుల ముందర వేళ్ళు పెట్టి నోరు తెరవమన్నాడు, మూయమన్నాడు. "హిందూపురం పోండి. ఎక్స్‌రే తీయల్ల," అన్నాడు, అంతే. నాయన నన్ను తీసుకొని రైలెక్కాడు. కబురందుకొని పెనుకొండలో మా ఆయనా అత్తా ఎక్కారు. అత్త జగడానికే ఎక్కింది. "ముద్ద మింగుతాండే బిడ్డను ఆసుపత్రుల పాలు చేస్తారా?" అని హిందూపురం దాకా నాయనను సాధిస్తూనే ఉంది.

హిందూపురంలో పళ్ళకూ దవడలకూ ఆపరేషన్ చేసే డాక్టరు ఒకాయన ఉన్నాడు. ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుగుకు పట్టి చాలాసేపు చూశాడు. తర్వాత బీరువా తెరిచి ఒక పుర్రె తీసి బల్ల మీద పెట్టాడు.

నిజం పుర్రె. అత్త చెంగుతో కళ్ళు కప్పుకుంది. "శివశివా, మసానం వస్తువును బతికినోళ్ళ ముందర పెడ్తారా అయ్యా? ఇంటికి పోయి తలకు పోసుకోవల్ల."

"నీ మొగం వెనకాల కూడా ఇదే ఉండాది అవ్వా," అన్నాడాయన.

అత్త చెయ్యి తెలియకుండానే తన చెంప మీదికి పోయింది. నాదీ పోయింది. ముఖమంటే కళ్ళూ ముక్కూ నోరూ అనుకున్నాను గానీ, దాని వెనక ఇన్ని ఎముకలు ఉంటాయని ఎప్పుడు అనుకున్నాను? కంటి గుంతల చుట్టూ, చెంపల్లో, ముక్కు పైన, చిన్నవీ పెద్దవీ ఎముకలు ఒకదానికొకటి కుట్టు వేసినట్టు అతుక్కొని ఉన్నాయి. డాక్టరు కింది దవడను వేలితో ఆడించాడు.

"పుర్రె మొత్తానికి కదిలే పెద్దెముక ఇదొక్కటే. దీన్ని మాండిబుల్ అంటాం. రెండు కొసలూ చెవుల ముందర గుంతల్లో కూర్చుంటాయి. అమ్మా, చేతి గాజు పగిలితే ఒక్క చోటే పగులుతుందా?"

లేదన్నట్టు తలూపాను.

"ఇదీ అంతే. దెబ్బ ఈడ తగిలింది, ఈడ ఫ్రాక్చర్. ఆ అదురుకు ఆ పక్క చెవి ముందర కొస, కాండైల్ అంటాం, అదీ విరిగింది." పుర్రె మీద రెండు చోట్లా పెన్సిలు ఆనించి చూపించాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "ఇన్ని దినాలూ ఏం తిన్నావు తల్లీ? నమిలితే ప్రాణం పోవాలే?"

"సంగటి సార్. ముద్దను మేం నమలం."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "రెండు చోట్ల విరిగిన దవడతో నెల దినాలు కాపురం చేసినావా?"

ఫిల్మును మళ్ళీ వెలుగుకు పట్టి చూపించాడు. "ఎముక వంకరగా అతుక్కుంటా ఉంది. విడదీసి, సరిగ్గా పెట్టి, తీగలతో వైరింగ్ చేయాల."

"విడదీసేదంటే?" మా ఆయన అడిగాడు.

"మళ్ళీ విరగ్గొట్టేదే."

అత్త ఉన్నచోటనే చతికిలబడింది. గిలక తగిలినప్పుడు రాని భయం అప్పుడు వచ్చింది. చేయకపోతే ఏమవుతుందని నాయన అడిగాడు.

"చెవి దగ్గర కీలు బిగిసిపోతుందేమో. అట్లయితే నోరు తెరుచుకోదు. అన్నం సరే, మాటే కష్టం. చేసినా పూర్తిగా తెరుచుకుంటుందని నేను మాట ఇయ్యలేను."

నాకు ఇరవై ఏళ్ళు లేవు. మా వీధిలో అందరికంటే ఎక్కువ మాట్లాడేది నేనే. చేయమన్నాను.

మత్తు దిగాక తెలిసిన మొదటి సంగతి, నోరు తెరుచుకోవడం లేదు. పై పళ్ళనూ కింది పళ్ళనూ తీగలతో బిగించి కట్టేశారు. చెప్పి చేసిందే, అయినా లోపల నుంచి తలుపు గడియ పడినట్టు ఒళ్ళంతా గిలగిల్లాడింది. నర్సమ్మ నా రెండు చేతులూ పట్టుకొని, "ముక్కుతో ఊపిరి తీయమ్మా, ముక్కుతో," అంటూనే ఉంది. ఆరు వారాలు అట్లే ఉండాలన్నారు. పంపేముందు డాక్టరు ఒక వైర్ కట్టర్ ఇచ్చాడు. వాంతి వస్తే తీగలు వెంటనే కత్తిరించాలి, లేకపోతే ఊపిరాడక మనిషి దక్కదు అన్నాడు. మా ఆయన దాన్ని అందుకోబోయి వెనక్కి తగ్గాడు. అత్త ముందుకొచ్చి, "నాకు చూపీ నాయనా, ఏ తీగ కోయల్లో," అంది. నడుముకున్న వక్కాకు తిత్తి విప్పి, ఆకూ వక్కా అడకత్తెరా కొడుకు చేతిలో పెట్టి, ఆ తిత్తిలో కట్టరు వేసుకుంది.

"బిడ్డ నమిలిందాకా నేనూ నమలను," అంది. నిద్ర లేస్తూనే వక్కాకు వెతుక్కునే మనిషి ఆమె.

తిరుగు బస్సులో ఎండా, పెట్రోలు వాసనా. పెనుకొండ ఇంకా రాలేదు, కడుపులో తిప్పడం మొదలైంది. అత్త మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఆమె నా ముఖం చూసింది. నా తలను కిటికీ వైపు వంచి, పెదవి లాగి, టక్ టక్‌మని తీగలు కోసేసింది. అంతా బయటికి పోయింది. ఊపిరి వచ్చింది. బస్సంతా లేచి నిలబడింది. అత్త వేళ్ళు తెగి రక్తం కారుతోంది, చెంగుతో నా మూతి తుడుస్తూ, "పోనీలే, బతికినావు, పోనీలే," అని అదే మాట అంటోంది. ఆమె ఏడవడం నేను చూసింది అప్పుడే.

వెనక్కి పోయి మళ్ళీ కట్టించుకున్నాం. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది నా బతుకు అనుకున్నాను. డాక్టరు తెగిన తీగలు చూసి, ఎవరు కోశారన్నాడు. అత్తను చూపించాను. "సరిగ్గా కోసినావు అవ్వా," అన్నాడు. అత్త తలెత్తలేదు.

ఇంట్లో అత్త రాగి గంజిని బట్టలో వడగట్టి, మా ఆయన్ని పెంచిన ఉగ్గుగిన్నెతోనే నా చెంప సందులో పోసేది. ఊళ్ళో ఎగతాళి చెప్పనక్కరలేదు. "ఓబుళమ్మా, కోడలి నోరు కట్టించినావంటనే! ఆ డాక్టరు యాడుండాడో మాకూ చెప్పు," అనేవాళ్ళు. మామూలుగా అయితే నలుగురికీ నాలుగు తగిలించేదాన్ని. నా తరఫున అత్తే తగిలించింది, నాకంటే బాగా.

తీగలు తీసిన రోజు నోరు తెరవమంటే ఒక్క వేలు దూరేంత తెరుచుకుంది. ఇంతేనా అని గుండె జారింది. డాక్టరు పల్చటి చెక్క పుల్లలు ఇచ్చాడు. అవన్నీ కలిపి పళ్ళ మధ్య దూర్చుకొని, ఓర్చుకోగలిగినప్పుడు ఇంకొకటి చేర్చాలి. కళ్ళు తిరిగేంత నొప్పి. అత్త పక్కన కూర్చొని, "ఇంగొక్క పుల్ల మే, ఇంగొక్కటి," అనేది. నెలలు పట్టింది. రెండు వేళ్ళు దూరాయి, తర్వాత మూడు.

మూడో వేలు దూరిన రోజు అత్త అంగడికి పోయి లేత తమలపాకులు తెచ్చింది. నాకొక చిలక చుట్టి నోట్లో పెట్టింది. నమిలాను, రెండు పక్కలా. నా నోరు ఎర్రబడిందాకా చూసి, అప్పుడు తనకొకటి చుట్టుకుంది.

ఇదంతా జరిగి పదేళ్ళ పైమాటే. నాకిప్పుడు ఇద్దరు పిల్లలు, నా నోటికి వాళ్ళు హడలిపోతారు. పెదవి ఎడమ పక్క ఒక రూపాయంత చోట ఇప్పటికీ స్పర్శ లేదు. చలికి చెవి ముందర కలుక్కుమంటుంది. అత్తకు పళ్ళన్నీ ఊడాయి. రోజూ ఆమె వక్కాకును చిన్న రోట్లో నేనే దంచి ఇస్తాను.

ముఖానికి దెబ్బ తగిలితే వాపు చూసి, నొప్పి చూసి తేల్చుకోకండి. పళ్ళు కరిచి చూడండి. ముందులా కలవకపోతే, పెదవి మొద్దుబారితే, ఎక్స్‌రే దాకా పోండి. మొన్న పక్కింటాయన మిద్దె మీదినుంచి పడితే, ఆయన భార్య వచ్చి, "ఏం కాలేదులే ఓబుళమ్మత్తా, ముద్ద మింగుతాండాడు," అంది. అత్త దంచిన వక్కాకు పక్కన పెట్టి, గోడ పట్టుకొని లేచింది.

"ముద్ద మాట నా ముందర ఎత్తొద్దు. శెనక్కాయ ఇచ్చి, రెండు పక్కలా కొరకమను."